ఆటలో అరటిపండు

తెలుగు నేల మీద పుట్టి పెరిగిన వాళ్ళెవరికీ ఈ మాట కొత్త కాదు. వీధిలో పిల్లలు పంటలు వేసుకుని, జట్లు కట్టుకుని ఆడుకుంటూ వుంటారు. వాళ్ళ వెంటబడి వచ్చిన చిన్న చెల్లెలో తమ్ముడో 'నేనూ ఆడతా'నని ఏడుపు లంకించుకుంటే పెద్ద పిల్లలు ఒక ఉపాయం చేస్తారు. 'సరే రా, నువ్వు ఆటలో అరటిపండు' అంటారు. ఇక ఆ పసివాడు అందరితో పాటు పరిగెత్తవచ్చు, గెంతవచ్చు, కేకలు పెట్టవచ్చు. కాని వాణ్ణి ముట్టుకుంటే ఔటు లేదు, వాడు ముట్టుకున్నా ఔటు లేదు. మైదానంలో వుంటాడు గాని లెక్కలో వుండడు.

ఈ ఏర్పాటులో ఎంత దయ వుందో అంత అన్యాయమూ వుంది. పసివాణ్ణి ఇంటికి తరిమేయకుండా ఆటలో కలుపుకోవడం దయ. ఏడాది తిరిగేసరికి వాడు ఎదిగి అసలు ఆటగాడైపోతాడు గనుక వాడికి నష్టమేమీ లేదు. కాని ఒక కాలు సన్నబడిన పిల్లవాడు, చూపు ఆనని పిల్ల, మాట వినబడని పిల్లవాడు, బుద్ధి నెమ్మదిగా వికసించే బిడ్డ వీళ్ళందరూ ఎన్నేళ్ళు వచ్చినా అరటిపళ్ళుగానే వుండిపోతారు. చాలాసార్లు ఆ పాటి భాగ్యం కూడా వుండదు. అరుగు మీద కూర్చోబెట్టి, ఆడే పిల్లల చెప్పులకీ చొక్కాలకీ కాపలా పెడతారు. ఇక పన్నెండేళ్ళు నిండిన ఆడపిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. దేహంలో ఏ లోపమూ లేకపోయినా ఆమెను ఆటలోంచి పిలిచి ఇంట్లో కూర్చోబెట్టడం మన కుటుంబాల్లోనే కాదు, అన్ని కుటుంబాల్లోనూ చూస్తున్నదే.

ఇలా అరుగు మీద మిగిలిపోయిన పిల్లలు ఆటలోకి, ఆటలో లెక్కలోకి ఎలా వచ్చారన్న చరిత్ర చాలా గొప్పది. మన హైదరాబాదుకు కూడా ఆ చరిత్రలో ఒక పేజీ వుంది. మన సంఘం సభ్యులూ వారి కుటుంబాలూ తీరిగ్గా చదువుకోవాలని ఆ కథను ఇక్కడ క్లుప్తంగా చెప్పబోతున్నాము.

మన పాత ఆటల తెలివి

ముందుగా మన వాకిట్లోనే వున్న సంగతి చూద్దాం. తొక్కుడుబిళ్ళ, ఏడు పెంకులాట, బిళ్ళంగోడు (తెలంగాణాలో చిర్రగోనె), కబడ్డీ, ఖోఖో, కళ్ళగంతలు, గోళీలు, అచ్చనగాయలు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. పగిలిన కుండ పెంకులూ, విరిగిన కొమ్మా చాలు. అయినా ఒక్కొక్క ఆట ఒక్కొక్క వ్యాయామశాల. ఒంటికాలి మీద గెంతే తొక్కుడుబిళ్ళ వొంటికి నిలకడ నేర్పుతుంది. ఊపిరి బిగబట్టి కూత పెట్టే కబడ్డీ గుండెకీ ఊపిరితిత్తులకీ పని పెడుతుంది. అచ్చనగాయలు వేళ్ళకీ కంటికీ పొత్తు కుదురుస్తాయి. దాగుడుమూతల్లో దొంగ అయినవాడు లెక్క పెట్టడం, ఓపిక పట్టడం రెండూ నేర్చుకుంటాడు.

కళ్ళగంతల్ని కొంచెం ఆలోచించి చూడండి. చూపున్న పిల్లవాడి కళ్ళకు గుడ్డ కట్టి, చెవితోనూ చేతితోనూ మాత్రమే తోటివాళ్ళను పట్టుకోమనే ఆట అది. అంటే కాసేపు అందరూ వంతులవారీగా చూపు లేనివాళ్ళవుతారు. పుట్టు గుడ్డి పిల్లవాడు ఈ ఆటలో ఎవరికీ తీసిపోడు సరిగదా, తక్కినవాళ్ళకంటె నేర్పరి కూడా కావచ్చు. ఆటను బట్టి ఒకరి లోటు లోటుగా కనిపిస్తుంది, లేదా మాయమవుతుంది. లోపమంతా పిల్లవాడిలోనే వున్నదని మనం అనుకుంటాం గాని, సగం లోపం మనం ఎంచుకున్న ఆటలోనూ, ఆ ఆట నియమంలోనూ వుంటుంది.

పిల్లల తోట నుంచి గోళీలాట వరకు

ఆట అంటే కాలం వృథా చేయడమని నమ్మిన రోజులు యూరప్‌లోనూ చాలాకాలం వున్నాయి. ఆ నమ్మకాన్ని కదిలించినవారిలో జర్మనీ దేశస్థుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ముఖ్యుడు. ఆయన 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లలకోసం ఒక సంస్థ ప్రారంభించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టారు. ఆ మాటకు పిల్లల తోట అని అర్థం. బంతులు, చెక్క ముక్కలు, ఆటలు, తోటపని ఇవే అక్కడి చదువు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ బళ్ళను నిషేధించింది. ఆ నిషేధం 1860 వరకు తొలగలేదు. ఫ్రోబెల్ 1852లోనే కన్నుమూశారు. పసిపిల్లల ఆటకు కూడా భయపడిన ప్రభుత్వాలు వుండేవన్నమాట!

తరువాత ఇటలీ దేశపు డాక్టరు మరియా మాంటిసోరి వచ్చారు. ఆమె మొదట పనిచేసింది బుద్ధిమాంద్యం వున్నదని పక్కకు నెట్టేసిన పిల్లలతో. చేతికి పని, కంటికి పని, వొంటికి కదలిక ఇస్తే ఆ పిల్లలు ఎవరూ అనుకోనంతగా నేర్చుకున్నారు. మరి మామూలు పిల్లలకు ఇదే పద్ధతి ఎందుకు పనికిరాదన్న ఆలోచనతో 1907లో రోములోని శాన్ లొరెంజో అనే పేద పేటలో ఆమె తన మొదటి 'బాలల ఇల్లు' తెరిచారు. వెనకబడ్డ పిల్లల కోసం చేసిన ఏర్పాటు పిల్లలందరికీ మేలు చేసింది. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చారు. యుద్ధం వల్ల 1946 వరకు మన దేశంలోనే వుండిపోయి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. నేడు మన ఊళ్ళలో సందుకొకటిగా కనిపించే మాంటిసోరి బళ్ళ బోర్డుల వెనక వున్న కథ ఇదే. వాటిలో కొన్ని చోట్ల పిల్లలు కదలడానికే చోటు లేదన్నది వేరే విషయం.

మూడవ వ్యక్తి స్విట్జర్లాండుకు చెందిన జాన్ పియాజే. 1932లో వెలువడిన తన పుస్తకం కోసం ఆయన చేసిన పని వింటే మనవాళ్ళకు నవ్వు వస్తుంది. పిల్లల మధ్య కూర్చుని, గోళీలాట నియమాలు చెప్పమని వాళ్ళను అడిగారు. చిన్నపిల్లలు, నియమాలు పెద్దవాళ్ళు పెట్టినవి, ఎవరూ మార్చడానికి వీల్లేదు అన్నారట. పది పన్నెండేళ్ళ పిల్లలు మాత్రం, అందరం ఒప్పుకుంటే నియమం మార్చుకోవచ్చని గ్రహించారు. అందరూ ఒప్పుకుని మార్చుకుంటే అది తొండి కాదు. ఒక్కడు తనకు లాభంగా మార్చుకుంటేనే తొండి. న్యాయమంటే ఏమిటో పిల్లలు నేర్చుకునే తొలి కచేరీ గోళీలాటే అని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. ఎందుచేతనంటే ఇక మీదట వచ్చే కథంతా, ఆట చెడకుండా నియమం ఎలా మార్చుకోవచ్చునన్న కథే.

హైదరాబాదు మైదానంలో ఒక ఉపాధ్యాయుడు

సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు వినని హైదరాబాదు పాతతరం వారు వుండరు. 1909లో ఈ నగరంలోనే పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, బడిపంతులుగా జీవితం మొదలుపెట్టారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బళ్ళలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడైన తరువాత లోకం ఆయన్ను గొప్ప కోచ్‌గా ఎరుగును గాని, రహీమ్ సాహెబ్ మొదట పిల్లల ఉపాధ్యాయుడన్న సంగతి చాలామంది మరిచిపోయారు.

ఆయన 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. ఆ రోజుల్లోనే నగరంలో క్రీడలకు మరో పెద్ద దిక్కు ఎస్. ఎమ్. హాదీ. రంజీ ట్రోఫీ పోటీల్లో తొట్టతొలి సెంచరీ చేసింది ఈయనే, 1934లో. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ కూడా ఆడారు. ఏడు ఆటల్లో ఆరితేరినందుకు జనం ఆయన్ను 'రెయిన్‌బో హాదీ' అనేవారు. ఇలాంటి పెద్దలున్న నగరంలో రహీమ్ సాహెబ్ పిల్లల కోసం చేసిన ప్రయోగాలు విచిత్రంగా వుంటాయి.

ఒకటి, బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోవడం నిషేధించిన పోటీలు. దాన్ని డ్రిబ్లింగ్ అంటాం గదా. ఆ పోటీల్లో బంతి వచ్చిన వెంటనే తోటివాడికి అందించి తీరవలసిందే. రెండవది, వాటం లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు. కుడికాలివాటం పిల్లవాడు ఎడమకాలితోనే తన్నాలి. ఎడమకాలివాటం వాడు కుడికాలితో తన్నాలి.

రహీమ్ సాహెబ్ ఉద్దేశం నైపుణ్యం నేర్పడం. ఒంటెద్దు పోకడ పోయే ఆటగాళ్ళకు జట్టుగా ఆడడం అలవాటు చేయడం, రెండు కాళ్ళకూ సమానంగా పదును పెట్టడం. కాని ఇందులో మరొక మేలు కూడా వున్నదని మా అభిప్రాయం. మామూలు ఆటలో బంతి దొరికిన గడుసు పిల్లవాడు దాన్ని ఎవరికీ ఇవ్వడు. బక్కపలచని పిల్లవాడు గంటసేపు మైదానంలో పరిగెత్తినా బంతి వాడి కాలికి తగలదు. పేరుకు ఆటగాడే, నిజానికి అరటిపండు. డ్రిబ్లింగ్ వద్దన్న మరుక్షణం బంతి అందరి దగ్గరికీ రావలసిందే. ఇక వాటం లేని కాలితో ఆడమంటే మొనగాడు కూడా తడబడతాడు. తడబడడం ఎలా వుంటుందో వాడికి ఆ రోజు తెలుస్తుంది. నెమ్మదిగా ఆడేవాడి మీద నవ్వడం తగ్గుతుంది. ఒక్క చిన్న నియమం ఎంత పని చేసిందో చూడండి!

దీనివల్ల ఆట నాసిరకమైపోయిందా? అలా అనుకునేవారికి జవాబు చరిత్రలో వుంది. రహీమ్ సాహెబ్ తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఏషియన్ క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ దెబ్బకు క్రుంగిపోకుండా 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానానికి ఎదిగారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి మళ్ళీ ఏషియన్ స్వర్ణం తెచ్చారు. అప్పటికే రహీమ్ సాహెబ్‌ను క్యాన్సరు పీడిస్తున్నది. మరుసటి యేడు, 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా వల్ల ఈ కాలపు పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది.

ఆయన గురించి మరొక్క ముచ్చట చెప్పకుండా వుండలేము. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేదింటి కుర్రవాడు వుండేవాడు. ఆట అద్భుతం. కాని సికింద్రాబాదు నుంచి హైదరాబాదుకు రోజూ శిక్షణకు రావడానికి డబ్బు లేదు. రహీమ్ సాహెబ్ ఆ కుర్రవాడికి అద్దె సైకిలు కోసం రోజుకు ఒక రూపాయి ఇచ్చేవారు. ఆ రూపాయి వృథా పోలేదు. బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడారు, 1962 స్వర్ణ విజేతల్లో ఒకరయ్యారు, అర్జున అవార్డు పొందారు. 2023 ఫిబ్రవరిలో ఆయన చనిపోయినప్పుడు దేశమంతా తలుచుకుంది. ఒక బిడ్డ ఆటకు దూరమయ్యాడంటే కారణం ఎల్లప్పుడూ కాలో కన్నో కాదు, ఒక్కొక్కప్పుడు సైకిలు అద్దె కూడా కావచ్చు. పెద్దలు అడిగి తెలుసుకుంటేనే ఆ కారణం బయటపడుతుంది.

చక్రాల కుర్చీలు మైదానానికి వచ్చిన రోజు

హైదరాబాదులో రహీమ్ సాహెబ్ పిల్లలకు ఎడమకాలి ఆటలు నేర్పుతున్న ఆ రోజుల్లోనే, ఇంగ్లండులో మరొక మనిషి అసలు కాళ్ళే ఆడని వారిని మైదానానికి తీసుకువచ్చారు. ఆయన డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీలో హిట్లర్ పాలనను తప్పించుకుని 1939లో ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల వార్డు ఆయనకు అప్పగించారు. అంతవరకు అలాంటి రోగులు మంచాన పడి, పుండ్లు పడి, కొద్దికాలంలోనే చనిపోయేవారు. వాళ్ళను ఎవరూ లెక్కలో వేసుకునేవారు కాదు.

గుట్‌మన్ వాళ్ళను మంచం మీద వుండనివ్వలేదు. చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టి ఆడించారు. ఆడినవారికి భుజాల్లో బలం వచ్చింది, నిలకడ వచ్చింది, అన్నిటికంటె ముఖ్యంగా బతకాలన్న కోరిక వచ్చింది. 1948 జూలై 29న లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే ఆయన ఆసుపత్రి పచ్చికలో విలువిద్య పోటీ పెట్టారు. పాల్గొన్నది 16 మంది, అందులో ఇద్దరు స్త్రీలు. పన్నెండేళ్ళకు, 1960లో, రోములో అదే పోటీలకు 23 దేశాల నుంచి సుమారు 400 మంది వచ్చారు. అవే నేటి పారాలింపిక్స్. 1965 యుద్ధంలో తుపాకి గుండ్లకు దెబ్బతిన్న మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో నెగ్గి, ఈ పోటీల్లో మన దేశానికి మొదటి స్వర్ణం తెచ్చారు.

బుద్ధిమాంద్యం వున్న పిల్లల వంతు ఇంకొంచెం ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో యూనిస్ కెన్నెడీ ష్రైవర్ అనే ఆమె 1962 వేసవిలో మేరీలాండ్‌లోని తన ఇంటి ఆవరణలోనే అలాంటి పిల్లలకు ఆటల శిబిరం నడిపారు. ఆమె సొంత అక్క అటువంటి స్థితిలో వుండేవారు. 1968 జూలై 20న షికాగోలో సుమారు వెయ్యిమందితో తొలి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి. తరువాతి కాలంలో వారే మరొక అడుగు ముందుకు వేసి, ఆ పిల్లలూ మామూలు పిల్లలూ ఒకే జట్టులో కలిసి ఆడే పద్ధతి తెచ్చారు. వేరే మైదానం ఇవ్వడం ఒక మెట్టు, అదే మైదానంలో చోటివ్వడం పై మెట్టు.

మనవాళ్ళకు ప్రాణమైన క్రికెట్‌నే తీసుకోండి. 1922లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో చూపులేని కార్మికులు ఒక డబ్బాలో రాళ్ళు వేసి, గలగలమనే ఆ డబ్బానే బంతిగా చేసుకుని ఆడడం మొదలుపెట్టారు. అదే అంధుల క్రికెట్ అయింది. ఇప్పుడు లోపల గోలీలున్న గట్టి ప్లాస్టిక్ బంతి వాడతారు. బౌలరు చేయి కింది నుంచి నేలబారుగా విసురుతాడు. విసిరే ముందు 'రెడీ?' అని అడిగి, బ్యాట్స్‌మన్ 'ఎస్' అన్న తరువాత 'ప్లే' అంటాడు. జట్టులో కొందరు పూర్తిగా చూపు లేనివారు వుండి తీరాలి. వారు కొట్టిన పరుగులు రెట్టింపు లెక్క. మిగతాదంతా క్రికెట్టే. 1998లో న్యూఢిల్లీలో ఈ ఆటకు మొదటి ప్రపంచ కప్పు జరిగింది. మన ఆంధ్ర ప్రాంతానికి చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి సారథ్యంలో భారత జట్టు 2017లో టి-20 ప్రపంచ కప్పు గెలిచింది. 2023వ సంవత్సరపు అర్జున అవార్డు ఆయనకు దక్కింది.

పియాజేకు గోళీలాడే పిల్లలు చెప్పిన మాట ఇక్కడ మళ్ళీ గుర్తు చేసుకోవాలి. పరుగులు రెట్టింపు చేయడం తొండి కాదు. అందరూ ఒప్పుకున్న న్యాయం.

మన జిల్లాల బిడ్డలు

ఇవన్నీ దూరపు కథలనుకోకండి. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో 2003లో పుట్టిన దీప్తి జీవాంజికి పుట్టుకతోనే బుద్ధి వికాసంలో ఇబ్బంది వుంది. ఊళ్ళో కొందరు ఆమె రూపాన్నీ తీరునూ గేలి చేసేవారట. అయినా బళ్ళో పరుగు పందెంలో ఆమెను కూడా నిలబెట్టారు, పరుగును గమనించారు. ఆ పిల్ల 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆమెను పందెంలో నిలబెట్టకుండా చెట్టుకింద కూర్చోబెట్టి వుంటే? ఈ ప్రశ్న ప్రతి బడీ, ప్రతి తల్లీ తండ్రీ వేసుకోదగ్గది.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ కథ మనకు ఇంకా దగ్గరది. ఆడపిల్లలు బాక్సింగ్ చేయడం లేదేమని చిన్నతనంలో తండ్రిని అడిగిందట. ఆ తండ్రి నోరు మూయించలేదు, చేయి పట్టుకుని తీసుకువెళ్ళి చేర్పించాడు. నలుగురూ నాలుగు మాటలు అన్నారు. 2022 మేలో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ఆమె ప్రపంచ ఛాంపియన్ అయిన తరువాత ఆ నలుగురే పూలదండలు తెచ్చారని వేరే చెప్పాలా!

ఐతే ఒక మాట. ప్రతి పిల్లా నిఖత్ కావాలనీ, ప్రతి బిడ్డా పతకం తేవాలనీ మేము అనడం లేదు. పతకం వచ్చే బిడ్డ లక్షలో ఒకరు. తక్కిన వారందరికీ ఆట ఇచ్చేది ఆరోగ్యం, ధైర్యం, స్నేహం. ఆ మూడూ చాలు.

వైద్యులేమంటారు, చట్టమేమంటుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం 5 నుంచి 17 సంవత్సరాల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు వేడెక్కే ఆటలు కావాలి. అందులో వారానికి మూడు రోజులైనా ఎముకలకీ కండరాలకీ బలమిచ్చే గెంతులూ పరుగులూ వుండాలి. వికలాంగ బాలలకు కూడా ఇదే లెక్క, వారి శక్తిని బట్టి. అయిదేళ్ళలోపు పిల్లలకు సంబంధించి 2019లోనే చెప్పింది. నడక వచ్చిన పసివాళ్ళు రోజులో మూడు గంటలైనా కదులుతూ వుండాలనీ, రెండేళ్ళు దాటిన వాళ్ళు కూడా గంటకు మించి టీవీ, ఫోను ముందు కూర్చోకూడదనీ. అదే సంస్థ పరిశోధకులు 2019లో ప్రకటించిన లెక్కలో ప్రపంచంలోని 11–17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి చాలినంత వ్యాయామం లేదని తేలింది. ఆడపిల్లల్లో ఇది 85 శాతం.

ఎముకకు గట్టిదనం ముఖ్యంగా చిన్నతనంలోనూ యవ్వనంలోనూ చేకూరుతుంది. ఆ వయస్సులో గెంతని వాడికి ముసలితనంలో అప్పు తీర్చక తప్పదు. ఆరుబయట వెలుతురులో ఆడే పిల్లలకు దూరపు చూపు మందగించే బాధ తక్కువని కూడా వైద్యులు కనుగొన్నారు. ఆటల వల్ల చదువు చెడుతుందన్న భయం పెట్టుకోనక్కరలేదు. ఒళ్ళు అలిసిన పిల్లవాడికి నిద్ర పడుతుంది. నిద్ర పట్టినవాడికి పాఠం పడుతుంది.

చట్టం కూడా పిల్లల పక్షానే వుంది. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణ ఆటను పిల్లల హక్కుగా ఒప్పుకుంది. దాన్ని మన దేశం 1992లో అంగీకరించింది. వికలాంగుల హక్కుల ఒడంబడికను మనం 2007లో ఆమోదించాం. తోటి పిల్లలతో సమానంగా ఆడుకునే అవకాశం వారికి బళ్ళోనే వుండాలని అది చెబుతున్నది. 2010 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం వుండాలన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనూ క్రీడల గురించి ప్రత్యేకమైన సెక్షన్ వుంది. 2024 నుంచి జూన్ 11వ తేదీని అంతర్జాతీయ ఆటల దినంగా కూడా జరుపుతున్నారు. ఇన్ని వున్నా, మేడ మీద మేడగా కట్టిన బళ్ళలో పిల్లలు ప్రార్థనకు కూడా వసారాలోనే నిలబడుతున్నారంటే లోపం కాగితంలో లేదు, మన అడగకపోవడంలో వుంది.

మనం చేయగల పనులు

ఒకప్పుడు ప్రతి బస్తీలోనూ పోలియో వల్ల కాలు చచ్చుబడిన పిల్లలు ఇద్దరు ముగ్గురు కనిపించేవారు. చుక్కల మందు పుణ్యాన ఆ జబ్బు మన దేశం వదిలిపోయింది. 2011 జనవరి తరువాత సహజ పోలియో వైరస్ వల్ల కొత్త కేసు రాలేదు, 2014లో పోలియో లేని దేశంగా గుర్తింపు వచ్చింది. జబ్బును తరిమిన మనం, ఆనాడు అరుగు మీద కూర్చున్న ఆ పిల్లల బాల్యాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేం. ఈనాడు వేరే కారణాలతో అరుగు మీద కూర్చున్న పిల్లలకైనా ఇవ్వగలం.

దానికి లక్షలు అక్కర్లేదు. రబ్బరు బంతిని పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడి వేస్తే దొర్లినప్పుడల్లా గరగరమంటుంది. చూపు ఆనని పిల్లలు ఆ చప్పుడును పట్టుకుని ఆడతారు. వినికిడి లేని పిల్లవాడు వున్నచోట విజిల్‌తో పాటు ఒక రంగు జేబురుమాలు ఊపితే చాలు. ఏడు పెంకులాటలో నడవలేని పిల్లవాడు కుర్చీలోంచి బంతి విసురుతాడు, పెంకులు పేర్చే పని తోటివాడు చేస్తాడు, వచ్చే మార్కు ఇద్దరిదీ. నెమ్మదిగా అర్థం చేసుకునే బిడ్డకు ఒక్కసారి ఒక్క మాటే చెప్పాలి, చేసి చూపాలి, ఒక జతగాణ్ణి ఇవ్వాలి. ఇక రహీమ్ సాహెబ్ ఎడమకాలి ఆటకు ఖర్చే లేదు. మూర్ఛలు, గుండె జబ్బు వంటివి వున్న పిల్లల విషయంలో డాక్టరు సలహా తీసుకుని మరీ ఆడించాలి.

ఆడపిల్లల కోసం మైదానంలో ఒక వేళ కేటాయించి, తల్లులే వంతులవారీగా వచ్చి కూర్చుంటే చాలా కుటుంబాల సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి. నానీలూ దాదీలూ కూడా రావచ్చు. అచ్చనగాయల్లో వాళ్ళను ఓడించే పిల్ల ఇంతవరకు పుట్టలేదు!

సంఘాల వార్షికోత్సవాల్లో ఒక ఆచారం కనిపిస్తూ వుంటుంది. వికలాంగ బాలుణ్ణి వేదిక మీదికి పిలిచి, ఒక స్టీలు గ్లాసో దుప్పటో చేతిలో పెట్టి, ఫోటో తీసి, చప్పట్లు కొట్టి దించేస్తారు. ఆ బిడ్డ ఆ రోజు ఏ పందెంలోనూ పాల్గొని వుండడు. ఇచ్చినవారి మనసు మంచిదే, కాదనము. కాని ఆ గ్లాసు కంటె, పందెంలో నిలబడి ఓడిపోయే హక్కు ఆ బిడ్డకు ఎక్కువ విలువైనది. ఓడిపోయినవాడు మరునాడు గెలుస్తానని ఇంటికి వెళతాడు. దానం పుచ్చుకున్నవాడికి మరునాడు ఏముంటుంది?

కాబట్టి సభ్యులందరికీ మా విన్నపం ఇది. వచ్చే ఏడాది ఆటల పోటీలకు పేర్లు రాసుకునేటప్పుడు, ప్రతి వీధి బాధ్యులూ ముందుగా అరుగుల మీద కూర్చున్న పిల్లల దగ్గరికి వెళ్ళండి. నీకు ఏ ఆట ఇష్టమని అడగండి. ఆ ఆటను ఎలా మార్చితే ఆడగలవో కూడా ఆ బిడ్డనే అడగండి, మనకంటె వాళ్ళకే బాగా తెలుసు. తోటి పిల్లలను కూర్చోబెట్టి నియమం ఒప్పించండి. పిల్లలు ఇట్టే ఒప్పుకుంటారు, ఒప్పుకోనిది పెద్దవాళ్ళే. ఆ తరువాత స్కోరు పుస్తకంలో ఆ బిడ్డ పేరు అందరి పేర్లతో పాటు అదే వరసలో రాసి, వచ్చిన మార్కు ఎంతైనా సరే, పక్కన వెయ్యండి.